జేబులేని స్వాతంత్ర్యము

వస్త్రచరిత్ర వ్రాయువారు రాజులచరిత్ర వ్రాసిన పూర్వుల మార్గమునే అనుసరించుచున్నారు. కిరీటధారుల పేళ్లతో పుటలు నిండియుండును. ఊరికి బావి త్రవ్వించినవాని పేరు ఎచ్చటను కానరాదు. ఒక్క రేయి విందునకు ధరించి పెట్టెలో దాచుకొను పట్టు ఉడుపులను కుట్టించిన పారిసునగరపు ఘనుల పేళ్లు మన కళాశాల విద్యార్థులు సైతము ఎఱుగుదురు. ఉదయము లేచి, ప్రొయ్యి వెలిగించి, బిడ్డను బడికి పంపి, తాను పనికి బోవు స్త్రీ దినమంతయు ఏమి ధరింపవలయునని ఆలోచించి, అందుకు తగిన ఉడుపును కల్పించిన యామె పేరేమని అడిగినచో చెప్పగలవారు అరుదు. ఆమె పేరు క్లేర్ మెకార్డెల్. నేటి స్త్రీల నిత్యవేషమునకు మూలకర్తలలో ఆమె అగ్రగణ్య యనియు, లోకము ఆమెను మఱచుట యాదృచ్ఛికము కాదనియు, ఆ మఱపువలని నష్టము నేటి స్త్రీలే అనుభవించుచున్నారనియు మా వాదము.

ఉడుపులమాట అల్పవిషయము, సంపాదకీయమునకు తగదు అను పెద్దలు గలరు. వారినొక్క ప్రశ్న అడిగెదము. డబ్బు, తాళపుచెవి, కలము జేబులలో వేసికొని రెండు చేతులు ఊపుకొనుచు వీధిలోనికి వచ్చు పురుషుడు, రేపటినుండి తన ఉడుపులకు జేబులుండవని ఎవరైన శాసించినచో ఊరకుండునా? తన చొక్కాకు బొత్తాములు వీపున కుట్టబడి, వాటిని పెట్టుకొనుటకు ప్రతిదినము ఇంకొకరిని పిలువవలసివచ్చినచో సహించునా? అతనికి అల్పముకాని సంగతి అతని తోబుట్టువునకు ఏల అల్పమగును?

మెకార్డెల్ 1905వ సంవత్సరము మే 24వ తేదీన అమెరికాలో మేరీలాండు రాష్ట్రమునందలి ఫ్రెడరిక్ పట్టణమున జన్మించెను. తండ్రి బ్యాంకు నడిపినవాడు, రాష్ట్ర శాసనసభలో సెనేటరు. తల్లి తెప్పించుకొను పత్రికలలోని ఉడుపుల బొమ్మలను కత్తిరించి ఆడుకొనుట ఆ బాలిక తొలిచదువు. పిదప న్యూయార్కులో, నేడు పార్సన్స్ అను పేర ప్రసిద్ధమైన కళాపాఠశాలలో చేరి, ఆ చదువులో భాగముగనే పారిసునకు పోయెను. అచ్చట మేడలెన్ వియొనే అను ప్రసిద్ధురాలు కుట్టించిన ఉడుపులు ఋతువు ముగిసిన పిదప తగ్గుధరకు అమ్ముడువోవుచుండగా కొని, ఇంటికి తెచ్చి, కుట్లు విప్పి చూచెను. గుడ్డను ఐమూలగా కత్తిరించినచో అది శరీరముతో కూడ సాగి, వంగి, మరల తనరూపునకు వచ్చునను రహస్యమును అట్లు తెలిసికొనెను.

ఆ దినములలో న్యూయార్కు ఉడుపుల వ్యాపారమంతయు పారిసు దయపై బ్రతుకుచుండెను. ఏటేట వ్యాపారులు ఓడలెక్కి పోయి, అచ్చటి ప్రదర్శనములు చూచి, బొమ్మలు గీయించుకొనివచ్చి, వేలకొలది నకళ్లు కుట్టించి అమ్ముచుండిరి. మెకార్డెల్ కూడ తొలుత అట్టి కొలువులోనిదే. కాని అందఱు పైరూపమును చూచి గీసికొనుచుండగా ఆమె లోపలి కుట్టును విప్పి కారణమును వెదకెను. అనుకరణమునకు విద్యకు గల భేదమిదియే. నకలు వ్రాసినవానికి ఒక్క ఉడుపు దక్కును. కారణమెఱిగినవానికి నూఱు ఉడుపులు దక్కును.

ఆమె టౌన్లీ ఫ్రాక్స్ అను సంస్థలో సహాయకురాలుగా నుండగా 1932లో అచ్చటి ప్రధానశిల్పి రాబర్టు టర్కు నీట మునిగి మరణించెను. సగములో ఆగిన ఆ ఋతువు ఉడుపులను పూర్తిచేయు భారము ఇరువదియేడేండ్ల యువతిపై బడెను. రెండేండ్లు గడువకముందే ఆమె తన స్వంత మార్గమును చూపెను. 1934లో జెర్సీ అను అల్లిక గుడ్డతో విడివిడి భాగములను కుట్టించెను. ఒక పైతొడుగు, ఇంకొక పైతొడుగు, ఒక పొట్టి పావడా, ఒక పొడవు పావడా, షరాయి మున్నగువానిని ఒండొంటితో మార్చి కలుపుకొన్నచో కొద్ది భాగములతోడనే అనేక వేషములు సిద్ధించును. ప్రయాణమునకు ఒక్క చిన్నపెట్టె చాలును. దుకాణముల పక్షమున సరకు కొనువారు దానిని ఆదరింపలేదు. ఉడుపనగా తలనుండి కాలివఱకు ఒక్కటిగా అమ్ముడుపోవు సరకని వారి నమ్మకము. నేడు ఏ దేశమున ఏ దుకాణమునకు పోయినను పైతొడుగు వేఱుగను, క్రిందితొడుగు వేఱుగను అమ్మబడుచున్నవి. నాడు అంగడివారు త్రోసివేసినది నేడు అంగడికే పునాది యైనది.

1938లో ఆమె వేఱొక సాహసము చేసెను. నడుమువద్ద కుట్టులేక, భుజమునుండి గుడారమువలె జారు ఉడుపును ఐమూల కత్తిరింపుతో నిర్మించెను. కొయ్యకు తగిలించినచో దానికి రూపమే కానరాదు. ధరించిన స్త్రీ తన నడుమునకు తానే పట్టీ కట్టుకొన్నప్పుడు దానికి రూపము కలుగును. సన్న్యాసుల అంగీని బోలియుండుటచే దానికి మొనాస్టిక్ అని పేరు వచ్చెను. స్త్రీ శరీరమును ఉడుపు కొలతకు బిగించు కాలము పోయి, స్త్రీయే ఉడుపునకు కొలత నిర్ణయించు కాలము వచ్చినదని ఆ ఒక్క పట్టీ చాటినది. అది విశేషముగా అమ్ముడుపోయెను. అంతకంటె విశేషముగా దొంగిలింపబడెను. పొరుగు వ్యాపారులందఱు దానికి నకళ్లు కుట్టించిరి. ఆ నకళ్లతో పోరాడు వ్యయమునకు తాళలేక టౌన్లీ సంస్థ మూతపడెను.

వకీలువృత్తి చేయువారము గనుక ఇచ్చట ఒకమాట చెప్పక తప్పదు. అమెరికా ధర్మశాస్త్రము పుస్తకమునకు రక్షణ యిచ్చినది, పాటకు యిచ్చినది, చిత్రమునకు యిచ్చినది. ఉడుపు కత్తిరింపునకు మాత్రము ఇయ్యలేదు. అది ఉపయోగవస్తువు, కళ కాదు అని ఆ శాస్త్రపు మాట. నకళ్లమ్ము దుకాణములకు తమ సరకు ఇయ్యమని ఉడుపుల నిర్మాతలు సంఘముగా కట్టుబడగా, 1941లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము అట్టి కట్టుబాటు వ్యాపారస్వేచ్ఛకు భంగకరమని తీర్పు చెప్పినది. 2017లో అదే న్యాయస్థానము, ఉడుపుపైనున్న చిత్రరచన దానినుండి వేఱుగా భావింపదగినదైనచో రక్షణ పొందవచ్చునని యన్నది గాని, కత్తిరింపునకు ఆకృతికి ఆ రక్షణను చాపలేదు. మన దేశమందును, నమోదు చేయింపని డిజైనును యంత్రపద్ధతిని ఏబదిమాఱులకు మించి ముద్రించినచో దానిపై కర్తకు గల హక్కు నశించునని 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము చెప్పుచున్నది. నమోదు చేయించుకొన్నవానికి వేఱుచట్టమున రక్షణ గలదు. కాని నమోదు ఖర్చులు, దాని గడువులు ఎఱిగిన నేతగాండ్రు, దర్జీలు ఎందఱు?

దీని ఫలితమేమి? నకలు చౌకయగుటవలన బీదలకు మేలు కలుగునను వాదము గలదు. దానిని మేము పూర్తిగా త్రోసివేయము. కాని చౌక గుడ్డ బీదరాలికి దక్కుట ఒకటి, కర్త పేరు లోకమునుండి తుడిచిపెట్టుకొనిపోవుట ఇంకొకటి. మొదటిదానికై రెండవదానిని సహింపుమనుట న్యాయము కాదు. పేరు నిలిపినంత మాత్రమున ధర ఒక్క పైసయు పెరుగదు కదా!

1940లో టౌన్లీ సంస్థ మరల తెఱువబడినప్పుడు మెకార్డెల్ తిరిగివచ్చెను. ఈమాఱు ఉడుపు మెడవద్ద కుట్టు పట్టీపై ఆమె పేరు చేరెను. అమెరికాలో ఉడుపుల నిర్మాత పేరును దాచి వ్యాపారి పేరుననే అమ్ముచుండిన ఆ కాలమున అది చిన్న విజయము కాదు. ఆ సంవత్సరముననే జర్మనుసేనలు పారిసును ఆక్రమించుటచే న్యూయార్కు వ్యాపారులకు నకలు వ్రాసికొను గ్రంథము మూయబడెను. 1942లో అమెరికా ప్రభుత్వము ఉడుపులకు వాడదగిన గుడ్డకు పరిమితి విధించెను. ఇండ్లలోని పనికత్తెలు యుద్ధపు కర్మాగారములకు తరలిపోగా, ఇంటిపనికి అలవాటులేని స్త్రీలు స్వయముగా వంట చేసికొనవలసివచ్చెను. అట్టివారికొఱకు మెకార్డెల్ ఆ యేడు పాపోవర్ అను ఉడుపును నిర్మించెను. కార్మికులు ధరించు నీలపు డెనిము గుడ్డ. ముందునుండి చుట్టి కట్టుకొను తీరు. ప్రక్కన ఒక పెద్ద జేబు. వేడిపాత్రను పట్టుకొనుటకు దానితోనే చేర్చిన చేతితొడుగు. ధర 6 డాలర్ల 95 సెంట్లు. మొదటి ఋతువుననే 75,000కు పైగా అమ్ముడుపోయెను. వంటగదిలో ధరించినదానినే, ముందరి ముడి సవరించుకొని, అతిథుల యెదుట ధరించుటకు సంకోచింపని ఉడుపు అది.

తోలునకు కొఱత వచ్చి పాదరక్షలకు రేషను చీట్లు పుట్టినప్పుడు, నాట్యము చేయువారి పలుచని చెప్పులకు ఆ నిర్బంధము లేదని ఆమె గ్రహించెను. కపేజియో అను నాట్యపాదరక్షల సంస్థచే వాటికి వీధిలో నడువదగిన అట్టలు వేయించి, తన ఉడుపుల గుడ్డతోనే పైభాగమును కప్పించెను. నేడు హైదరాబాదులోగాని విజయవాడలోగాని మడమలేని పలుచని చెప్పులు తొడిగి కార్యాలయమునకు త్వరపడి పోవు యువతి, తెలిసియో తెలియకయో మెకార్డెల్ బాటలో నడచుచున్నది.

ఇచ్చట ప్రతివాదులు లేచి, ఇదియంతయు యుద్ధము చేసిన పని, ఒక స్త్రీ ప్రతిభ యేమున్నదని అందురు. తేదీలే వారికి ప్రత్యుత్తరము. విడివిడి భాగముల ఉడుపులు 1934; మొనాస్టిక్ 1938; అమెరికా యుద్ధమున దిగినది 1941 డిసెంబరు. ప్రశ్నకు ముందే ప్రత్యుత్తరము సిద్ధముచేసినదానిని ప్రశ్నయే సృష్టించెననుట ఏ తర్కము? గుడ్డ పరిమితి న్యూయార్కులోని ప్రతి నిర్మాతకును సమానమే. పరిమితిలో స్వేచ్ఛను కనుగొన్నది మాత్రము ముందునుండియు ఆ వెదకులాటలో నున్న యామె.

ఇంకొకరు లేచి, పారిసులో కోకో షనెల్ అంతకుముందే జెర్సీగుడ్డ వాడలేదా అందురు. వాడినది. 1910ల దశకముననే వాడినది. ఆ ఘనతను మేము కాదనము. కాని షనెల్ కీర్తికి ఆధారమైన ఉడుపులు ఒక్కొక్క ధనికురాలి కొలతకు ప్రత్యేకముగా కుట్టబడినవి. మెకార్డెల్ ఉడుపు ముఖమెఱుగని వేలమందికొఱకు యంత్రముపై కుట్టబడి, కొయ్యకు తగిలించి అమ్మబడినది. వంద కొలతలకు సరిపోవుటకే పట్టీలు, ముడులు, చుట్లు కల్పింపబడినవి. యంత్రము తన నిర్బంధమును విధించెను. ఆమె ఆ నిర్బంధమునే ధరించువారి స్వేచ్ఛగా మార్చెను. పనివాండ్ర షరాయిలనుండి రెండువరుసల పైకుట్టు, రాగిరేకుల బిగింపులు తెచ్చెను. వీపుననుండిన బిగింపులను తన చేతికందు ప్రక్కకు మార్చెను. విందునకైనను పనికైనను ఉడుపునకు జేబు ఉండవలయునని పట్టుబట్టెను. రవ్వలహారముకంటె జేబు గొప్పదని ఆమె కుట్లు చెప్పుచుండెను.

మూడవ ఆక్షేపణ గంభీరమైనది. దానిని దాటిపోవుట ధర్మము కాదు. చౌక ఉడుపుల వెనుక కుట్టినవారి చేతులు గలవు. న్యూయార్కు కుట్టుశాలలలో పనిచేసినవారిలో అధికసంఖ్యాకులు ఇతరదేశములనుండి వలస వచ్చిన పేద యువతులు. 1911 మార్చి 25న ట్రయాంగిల్ కుట్టుశాలలో అగ్ని పుట్టగా, తాళము వేసిన తలుపులవెనుక చిక్కి కొందఱు, కిటికీలనుండి దూకి కొందఱు, మొత్తము 146 మంది మరణించిరి. ఆ చావులు, ఆ పిదప కార్మికసంఘము చేసిన సమ్మెలు, సాధించిన చట్టములు లేనిదే మెకార్డెల్ ఉడుపులు అంగడికి చేరెడివి కావు. డొరతీ షేవర్ వంటి దుకాణాధికారిణి స్వదేశశిల్పుల పేళ్లను 1930ల దశకమునుండి ప్రకటింపకున్నను, బానీ కాషిన్, వేరా మాక్స్‌వెల్ వంటి తోడి నిర్మాత్రులు అదే బాట త్రొక్కకున్నను, ఆమె ఒంటరిగా ఇంత సాధించియుండదు. ఇది మా వాదమునకు బాధకము కాదు, బలకరమే. ఎందఱో స్త్రీల శ్రమపై నిలిచిన కార్యమును లోకము మఱచినచో, ఆ మఱపు ఒక్కరికి కాదు, అందఱికిని జరిగిన అన్యాయము.

ఇక ఆ మఱపు కథ వినుడు. యుద్ధము ముగిసినది. 1947 ఫిబ్రవరిలో పారిసులో క్రిస్టియన్ డియార్ తన క్రొత్త ఉడుపులను ప్రదర్శించెను. గజములకొలది గుడ్డ కలిగి గొడుగువలె విచ్చుకొను పావడా, లోపల అల్లికలు, కమ్ములు, బిగించి కట్టిన నడుము. లోకమంతయు దానిని న్యూ లుక్ అని కీర్తించెను. స్త్రీలు రెండు యుద్ధములలో పోగొట్టుకొన్న బరువును తిరిగి వారి నడుమునకు కట్టుట క్రొత్తదనమట! డియార్ సంస్థకు పెట్టుబడి పెట్టినవాడు మార్సెల్ బూసాక్ అను నూలుమిల్లుల యజమాని. గుడ్డ అమ్ముకొనువాడు గుడ్డ అధికముగా పట్టు ఉడుపును పోషించుటలో ఆశ్చర్యమేమున్నది? మెకార్డెల్ కూడ విచ్చుకొను పావడాలను కుట్టించినది. కాని వాటి లోపల కమ్ములు లేవు, నడుమును బిగించు దారము ధరించినదాని చేతిలోనే యుండెను.

కీర్తి ఆమెకు బ్రతికియుండగా రాకపోలేదు. 1944లో అమెరికా విమర్శకుల బహుమానము లభించెను. 1955 మే నెలలో టైము పత్రిక ముఖపత్రముపై ఆమె చిత్రము అచ్చయ్యెను. 1956లో "నేనేమి ధరింతును?" అను అర్థముగల పేరుతో ఆమె పుస్తకము వెలువడెను. 1957 అక్టోబరులో డియార్ మరణించెను. అయిదు నెలలకు, 1958 మార్చి 22న, మెకార్డెల్ యేబదిరెండవయేట క్యాన్సరు వ్యాధిచే మరణించెను. డియార్ సంస్థ కొత్త శిల్పిని నియమించి నేటికిని వర్ధిల్లుచున్నది; ఆ పేరు అత్తరుసీసాలపై, చేతిసంచులపై వెలుగుచున్నది. మెకార్డెల్ కుటుంబమువారు ఆమె పేర ఉడుపులు వెలువరించుట మాన్పిరి. పేరు నిలుపుటకు పెట్టుబడి గలవాని పేరు నిలిచెను. పని మాత్రము నిలిచినయామె పేరు మాసెను. ఆమె స్వగ్రామమైన ఫ్రెడరిక్‌లో ఆమెకు విగ్రహమెత్తుటకు 2021 వఱకు ఆగవలసివచ్చెను.

ఈ పేళ్ల తగవు అమెరికావారిది, మనకేమి యనువారికి రెండు మాటలు గుర్తుచేసెదము. మెకార్డెల్ ఇష్టపడి వాడిన చౌక నూలుగుడ్డ కాలికో. ఆ పేరు మన కళ్లికోట రేవునుండి పుట్టినది. కార్మికుల ముతకగుడ్డకు ఇంగ్లీషువారు పెట్టిన డంగరీ యను పేరు బొంబాయిలోని డోంగ్రీనుండి పుట్టినది. గుడ్డ పేరున రేవు మిగిలెను, పేట మిగిలెను. నేసినవాని పేరు ఒక్కటియు మిగులలేదు. నిత్యోపయోగవస్తువును కల్పించినవారిని మఱచు అలవాటునకు సముద్రములు ఎల్లలు కావు.

మఱచుటవలన నష్టమేమి యందురా? కర్తను మఱచినవారు ఆమె చూపిన కారణమును కూడ మఱతురు. వ్యాపారులు ఆమె చుట్టు ఉడుపును తీసికొనిరి, పలుచని చెప్పును తీసికొనిరి, సన్నని భుజపట్టీలను తీసికొనిరి, డెనిమును తీసికొనిరి. జేబును మాత్రము విడిచిపెట్టిరి. 2018లో అమెరికాలో కొందఱు పరిశోధకులు ప్రసిద్ధ సంస్థలు అమ్ము 80 జతల జీన్సులను కొలిచి చూడగా, స్త్రీల జీన్సుల ముందరిజేబులు పురుషులవానికంటె సగటున 48 శాతము లోతు తక్కువగా నుండెను. గుడ్డ అదియే, రంగు అదియే. చేయి పట్టుటకు మాత్రము చోటులేదు. మన అంగళ్లలోని స్త్రీల ఉడుపులను చూడుడు. పైకి జేబువలె కుట్టువేసి లోపల మూసివేసినవి ఎన్ని! జేబు లేనివానికి చేతిసంచి కావలయును. చేతిసంచి అమ్మువాడు ఎవడో చదువరులు ఊహింపగలరు.

మెకార్డెల్ పద్ధతిలో ఉడుపునకు మూడు పరీక్షలు కలవు. స్త్రీ దానిని పరసహాయములేక ధరింపగలదా? ధరించి వంగి, నడచి, పరుగెత్తగలదా? తన డబ్బును, తాళపుచెవిని తన శరీరముపైననే ఉంచుకొనగలదా? ఈ మూటిలో ఒక్కటి లోపించినను అది అలంకారము కావచ్చును, ఉడుపు మాత్రము కాదు. అంగడికి పోయినప్పుడు మన ఇంటి స్త్రీలు ఈ మూడు ప్రశ్నలను నిర్భయముగా అడుగవలయును; దర్జీవద్ద జేబు కావలెనని పట్టుబట్టవలయును. వెంట పోవు పురుషులు "ఆడువారికి జేబేల?" అని నవ్వుట మానవలయును. కొనువారు అడిగినప్పుడు అమ్మువారు కుట్టక తప్పదు.

స్త్రీస్వాతంత్ర్యమును గూర్చి సభలలో ఉపన్యసించుట సులభము. ఒక్క జేబు కుట్టుట అంతకంటె సులభము. ఆ రెండవపని ఎనుబదియేండ్లక్రిందటనే ఒక స్త్రీ చేసి చూపినది. దానిని తిరిగి విప్పివేసినవారిని నిలదీసి అడుగుట మన వంతు.